మునిస్వామి ఇంకా బావిలోనే

జనవరి 1, 2024

విత్తనాల కొట్టు తెరవకముందే నీరజ ఫోన్. కొత్త సంవత్సరం శుభాకాంక్షలు చెప్పే తీరిక మా చెల్లెలికి ఏనాడూ లేదు. "ఎన్ని పెట్టుకుందామన్నా?" అనే మొదలుపెడుతుంది. ఏడాదికి ముప్పై పుస్తకాలు అన్నాను. "పోయినేడూ ముప్పై అనే గదా బోర్లా పడితిమి. పెట్టు పెట్టు, మనకు సిగ్గేముండాది" అని కుప్పంలో అది నవ్వింది, మదనపల్లెలో నేను నవ్వాను.

నియమాలు పాతవే. ఇద్దరికీ ఒకే కాపీ. దాన్ని వీపు దగ్గర కోసి రెండు చేయాలి. మొదటి సగం నేను చదివి కుప్పం బస్సులో వేయాలి. అది ఆ సగం చదివేలోగా నేను రెండోది ముగించి పంపాలి. ఇద్దరి చదువూ అయ్యాకే రివ్యూ. ముగింపు ముందే నోరు జారినవాళ్లు తర్వాతి పుస్తకం ఎంచుకునే హక్కు పోగొట్టుకుంటారు.

నాన్న పెట్టిన పద్ధతి ఇది. పుంగనూరులో మా బట్టలంగడి వెనక గదిలో ఒక పుస్తకం కోసం ఇద్దరం జుట్లు పట్టుకుంటే, ఆయన లోపలికొచ్చి బ్లేడుతో దాన్ని రెండుగా కోసి చెరో సగం చేతిలో పెట్టాడు. "ఇంగ అరుపులు ఇనపడితే నాలుగు ముక్కలు చేస్తా" అన్నాడు. మా ఆవిడ రెడ్డెమ్మ దీన్ని పుస్తకాల ఖూనీ అంటుంది. అననీ. ఆమె సీరియళ్లను నేనేమీ అనడం లేదు.

జనవరి 23

ఈ ఏడు మొదటి పుస్తకం అయింది. అట్ట మీద ఎద్దు ఉంది, లోపల ఎక్కడా ఎద్దు లేదు. హీరో ప్రతి పది పేజీలకూ ఒకసారి ఆకాశం వైపు చూస్తాడు. అక్కడ ఏముందో చివరిదాకా చెప్పడు. నీరజ తీర్పు: "ఆ ఎద్దు బొమ్మ గీసినాయప్పే కథ కూడా రాసింటే బాగుండు." నా తీర్పూ అదే.

ఫిబ్రవరి 14

పెద్ద నవలను ఇవాళ కోశాను. పోయినేడు బెంగుళూరు ఫుట్‌పాత్ మీద దొరికింది. వేసిన ప్రెస్సు ఎప్పుడో మూతపడిందట, ఇంకో కాపీ దొరకదని అమ్మినవాడే చెప్పాడు. విత్తనాల పెట్టెలు కోసే బ్లేడు పెట్టి నెమ్మదిగా లాగితే శబ్దం లేకుండా రెండైంది.

మెట్టపల్లెలో మొగుడూ పెళ్లాలు బావి తవ్వుకునే కథ. మునిస్వామి లోపల తవ్వుతాడు, చెంగమ్మ గట్టు మీద తాడు పట్టుకుంటుంది. అంతే కథ. అయినా చదువుతుంటే కొట్లోకి వచ్చిన రైతులు విసుగ్గా కనబడుతున్నారు.

నీరజ కడుపునొప్పి అంటోంది. గ్యాస్ అయ్యుంటుంది. ఆ బజ్జీలు మానమన్నాను.

మార్చి 4

మొదటి సగం ముగించాను. బ్లేడు ఎక్కడ పడిందో అప్పుడు చూశాను. తేమ తగిలిందని అడుగు నుంచి మునిస్వామి కేక వేస్తాడు. చెంగమ్మ తొంగి చూస్తుంది. పక్కగోడ మట్టి జారుతుంది. ఆమె చేతిలో తాడు వదులవుతుంది. పేజీ అయిపోయింది.

మధ్యాహ్నం బస్సుకు వేశాను. ఇక్కడ కోసినందుకు నీరజ నన్ను బతకనివ్వదు.

మార్చి 11

బెంగుళూరు నుంచి భానుప్రకాశ్, నీరజ మొగుడు, ఫోన్ చేశాడు. స్కానింగు అయిందట. గ్యాస్ కాదు.

మార్చి 12

కొట్టు తెరిచాను. టమోటా నాట్లు జోరుగా ఉన్నాయి. కురబలకోట రైతు ఒకాయన ఆకుముడత మందు అడిగితే ఎలుకల మందు తీసిచ్చాను. "ఎలకలు యాడుండాయప్పా నా తోట్లో, ఏమైండాది నీకు పొద్దున్నే?" అన్నాడు. ఏమీ కాలేదన్నాను.

రెండో సగం రేపు మొదలుపెట్టాలి.

మార్చి 29

మొదలుపెట్టలేదు. మార్చి నెలాఖరు లెక్కలు, సీజను. భాను మళ్లీ చేశాడు. కడుపులో మొదలై కాలేయం దాకా పోయిందట. ఆపరేషన్ లేదట, కీమో మొదలుపెట్టి రెండు వారాలైందట. డాక్టరు దసరా దాకా అన్నాడట. డాక్టర్లు ఏదో ఒకటి అంటారు. దసరా అంటే ఎంత దూరం.

ఏప్రిల్ 7

నేనూ రెడ్డెమ్మా కుప్పం పోయి వచ్చాము. నీరజ వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. తలకు తువ్వాలు చుట్టుకుంది. "చూడన్నా, నూనె ఖర్చు మిగిలె" అంది. రెడ్డెమ్మ వంటింట్లోకి పోయి ఏడ్చింది. నేను తువ్వాలు వైపు చూడకుండా గోడ మీది క్యాలెండర్ చదివాను.

పుస్తకం దాని ఒళ్లోనే ఉంది. కళ్లు తిరుగుతున్నాయని కూతురు ప్రీతి చేత చదివించుకుంటోందట. డిగ్రీ చదివే ఆ పిల్ల ఇంతవరకు తెలుగు పుస్తకం పట్టిన పాపాన పోలేదు. ఇప్పుడు అమ్మ తప్పులు దిద్దుతుంటే చదువుతోంది.

"రెండోది తెచ్చినావా?" అని అడిగింది.

"నువ్వు ముందు అది కానియ్. తాబేలు మాదిరి చదువుతాండావు."

"చెంగమ్మ మంచిది గానీ అన్నా, నోరు లేదు. నేనైతే ఆ మునిస్వామిని దిగనిచ్చేదాన్నే కాదు."

వచ్చేటప్పుడు వాకిలి దాకా వచ్చి నా చొక్కా జేబు సర్దింది. దాని చేతి ఎముకలు తగిలాయి. బస్సెక్కాక నాకు భయం వేసింది, ఇక్కడైనా ఆ మాట రాసుకోవాలి.

మే 2

ఈ వారంలో మూడు పుస్తకాలు. ఒకటి పోలీసు కథ: హంతకుడు ఎవరో మొదటి పేజీలోనే తెలిసింది, రాసినాయనకు మాత్రం చివరిదాకా తెలియలేదు. ఇంకోటి ప్రేమ కథ: ఇద్దరూ విడిపోతే బాగుండు అనిపించింది, విడిపోలేదు. మూడోది ఏమిటో గుర్తు రావడం లేదు.

ఇవేవీ కోయలేదు. దానికి పంపడానికి ఇవి ఏం పుస్తకాలని. అయినా కోయని పుస్తకం చేతిలో బరువుగా ఉంది.

మే 20

లక్ష్యంలో సగానికి పైన ఉన్నాను. ఇంత ముందు ఎన్నడూ లేను. నీరజతో చెబితే, "నీదొక్కడిదీ చెప్తాండావు. ఇద్దరిదీ చెప్పు" అంది. ఇద్దరిదీ అయితే ఒకటే.

జూన్ 3

ఉదయం ఫోన్. "అన్నా, మట్టి పడిపొయ్యింది! నువ్వు అసలు మనిషివేనా? ఆడ కోస్తావా? పంపు రెండోది. ఇంగో రెండు పేజీలన్నా ఈ పక్కకు వేసుంటే నీ సొమ్మేం పోయె!"

ఎన్ని నెలలైంది దాని గొంతు అలా విని. ఆ చిన్నప్పటి గొంతు. ఫోన్ పెట్టేశాక కూడా ఆ గొంతే చెవిలో ఉంది, దాని మీదే ఒక ఆలోచన వచ్చి కూర్చుంది.

నీరజ ఏ పుస్తకాన్నీ సగంలో వదలలేదు. దాని పెళ్లి నాడు బయట మేళాలు మోగుతుంటే, పసుపు చేతులతో చివరి పేజీలు తిప్పి గానీ పీటల మీదికి లేవలేదు. ప్రీతి పుట్టేటప్పుడు నొప్పులు పడుతూ "ఆ సంచిలో పుస్తకం తియ్యన్నా" అంది. చెత్త పుస్తకమైనా సరే, తిట్టుకుంటూ ముగిస్తుంది. సగంలో వదలడం దానికి చేతకాదు.

ఈ మాట రాసి కాసేపు చూశాను. చేతకాదు.

రెండో సగం పంపను. నేనూ తెరవను. అది దసరా దాకా అడగనీ, దీపావళి దాకా అడగనీ, వచ్చే జనవరిలో నన్ను తిడుతూ అడగనీ.

జూన్ 11

నేనింకా ముగించలేదని చెప్పాను. "నువ్వా? ఇన్ని దినాలా?" అంది. సీజను అన్నాను.

జూన్ 24

బస్సులో వేస్తే పోతుందేమోనని భయంగా ఉందన్నాను. ఇన్నేళ్లలో ఒక్కటి పోలేదు కదా అంది. అవును, పోలేదు.

జూన్ 30

నీరజ బాగానే ఉందట. రెండు ఇడ్లీలు తిన్నదట. అంటే నేను చేస్తున్నది పని చేస్తోందనే కదా.

జూలై 9

పురుగుమందుల పెట్టెల వెనక ఊడుస్తుంటే రెడ్డెమ్మకు రెండో సగం కనబడింది. కాగితం చుట్టి తాడు కట్టి ఉంది.

"ఏంది ఇది? కుప్పం పోవాల్సిన పుస్తకం గదా. ఈడ యాల ఉండాది?"

పేజీలు ఊడిపోయాయని, అతికించాలని చెప్పాను. ఆమె తాడు కట్టు వైపు చూసింది, నా వైపు చూసింది. "నీకు పుణ్యముంటాది, ఆ పిల్ల అడిగింది ఇచ్చెయ్యప్పా" అని తిరిగి అక్కడే పెట్టి ఊడ్చుకుంటూ పోయింది. రెడ్డెమ్మకు పుస్తకాల సంగతి తెలియదు.

జూలై 27

భాను ఫోన్. మామూలుగా నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఇవాళ అరిచాడు. "పొద్దున లేస్తే అదే మాట బావా. అన్న పంపినాడా, అన్న పంపినాడా అని. మందు మింగమంటే మింగదు గానీ నీ బస్సు వచ్చిందా అని అడుగుతాది. ఒక పుస్తకం పంపలేవా నువ్వు? మనిషివి రాకపోతివి, కాగితాలన్నా పంపు!"

పంపిస్తానన్నాను. అతనికి చెప్పినా అర్థం కాదు. అడుగుతోంది చూశావా భానూ, ఇంకా అడుగుతోంది.

ఆగస్టు 12

నీరజే చేసింది. గొంతు సన్నగా, నీళ్లు కలిపిన పాల మాదిరి ఉంది. పలకరింపులు లేవు.

"అన్నా, నీకు అబద్ధాలు రావు. పుస్తకం అయిపోతే నేనూ అయిపోతాననుకుంటాండావు. అంతే గదా?"

కొట్లో ఎవరో విత్తనాల రేటు అడుగుతున్నారు.

"పిచ్చోడా. నొప్పికి మందు వేస్తాండారు. అది వేస్తే ఒకటీ నిలబడదు తలకాయలో. నిన్న ప్రీతిని పట్టుకుని ఎవురు పాపా నువ్వు అన్నానంట. గుర్తుండాది ఇప్పుడు. గుర్తుండేటప్పుడే పంపు."

"పంపిస్తాలేమ్మా."

"ఒట్టా?"

"ఒట్టు."

"లేకుంటే నువ్వే రా. వచ్చి నోటితో చెప్పెయ్యి. నియమం గియమం వద్దులే ఈసారికి."

నియమం వద్దని అది ఎన్నడూ అనలేదు.

ఆగస్టు 13

పార్శిల్ తీసుకుని బస్టాండుకు పోయాను. కుప్పం బస్సు నిలబడి ఉంది. డ్రైవర్ టీ తాగుతున్నాడు. అతను గ్లాసు పెట్టి, ఎక్కి, తోలుకుని పోయేదాకా చూశాను. పార్శిల్ నా సంకలోనే ఉంది.

ఆగస్టు 14

దానికి నా మీద కోపంగా ఉంటుంది. ఉండనీ. కోపమున్న మనిషి గట్టిగా ఉంటుంది.

ఆగస్టు 25

ఈ నెలలో ఆరు పుస్తకాలు. రివ్యూలు రాయాలనిపించలేదు. అన్నీ ఒకటే మాదిరి ఉన్నాయి. అందరూ ఏదో ఒకటి చేస్తారు, చివరికి ఏదో ఒకటి అవుతుంది.

ఫోన్ రావడం లేదు. నేనూ చేయడం లేదు.

సెప్టెంబరు 4

ప్రీతి ఫోన్. "మామా, వచ్చెయ్." అంతే.

సెప్టెంబరు 6

నిన్న పోయాను. రెండో సగం సంచిలో పెట్టుకున్నాను. పుంగనూరులో బస్సు ఆగితే నాన్న అంగడి ఉన్న వీధి కనబడింది. అక్కడ ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు. కళ్లు మూసుకున్నాను.

కుప్పంలో ఆసుపత్రి. మంచంలో నీరజ ఎక్కడుందో మొదట కనబడలేదు, దుప్పటే ఉందనుకున్నాను. భాను నన్ను చూసి లేచి బయటికి పోయాడు. ప్రీతిని మందులకు పంపాడు కాబోలు, ఆ పిల్లా లేదు. నేనూ చెల్లెలూ మిగిలాము.

"అన్నా" అంది. నన్ను గుర్తుపట్టింది. నాకు ఎంత సంతోషం వేసిందో. సంచిలోంచి తీసి తాడు విప్పాను. "సూడు, రెండో సగం తెచ్చినా. చదువుతా విను. మట్టి పడిపోయింది గదా, ఆడినుంచి" అన్నాను.

"ఊ" అంది.

చదివాను. నేను కూడా అవి మొదటిసారి చదవడమే. నాలుగు పేజీలు అయ్యాయో లేదో, "అన్నా" అని పిలిచింది.

"ఏమ్మా?"

"ఎవురన్నా ఈ మునిస్వామి? మన బట్టలంగట్లో గుడ్డ కొలిచే ఆయనా?"

నేను చెప్పాను. బావి, చెంగమ్మ, తాడు. మొదటి సగమంతా చెప్పాను, ఎంత చేతనైతే అంత. అది పెద్దమనుషుల మాట వినే చిన్నపిల్ల మాదిరి మర్యాదగా విన్నది. "పాపం" అంది. "వాళ్లకు పిల్లోళ్లు ఉండారా?" అంది. పుస్తకంలో పిల్లలు లేరు. ఆ సంగతి మీద జూన్‌లో నాతో పోట్లాడింది కూడా, పిల్లలుంటే చెంగమ్మ నోరు లేచుండేదని.

"సదువన్నా. నీ గొంతు బాగుండాది" అంది.

చదివాను. అది నిద్రపోయింది. నేను ఆపలేదు. ఆపితే ఏం చేయాలో తెలియలేదు. చివరి పేజీ దాకా గట్టిగా చదివాను. పక్క మంచం ఆయన తల తిప్పి విన్నాడు. మునిస్వామికి ఏమైందో ఇక్కడ రాయను. నియమం.

మంచి పుస్తకం. జూన్‌లో పంపి ఉంటే నీరజ దీని గురించి నెల రోజులు మాట్లాడేది.

సెప్టెంబరు 9

నీరజ పోయింది.

సెప్టెంబరు 22

కర్మ ముగిసింది. వాళ్లింట్లో కిటికీ గూట్లో మొదటి సగం ఉంది. చివరి పేజీ దగ్గర ఖాళీ మాత్రల అట్ట పెట్టి ఉంది. నేను ముట్టుకోలేదు.

భాను నాతో ఒక్క మాటే అన్నాడు. "ఎదురుచూసింది బావా." తిట్టి ఉంటే బాగుండేది.

అక్టోబరు 12

దసరా.

నవంబరు 10

ఏమీ చదవడం లేదు. పేజీ సగానికి వచ్చేసరికి పై సగం మర్చిపోతున్నాను. లెక్క చూస్తే ముప్పై దాటాను. ఆగస్టులోనే దాటాను. ఏమేం చదివానో ఒక్కటీ చెప్పలేను, ఒక్కటి తప్ప.

నేను దాన్ని బతికించుకోవాలని చేశానని రెడ్డెమ్మతో ఇవాళ చెప్పాను. ఆమె చాట కింద పెట్టింది. "బతికించేది నీ చేతుల్లో లేదప్పా. పుస్తకం ఉన్నింది, అంతే నీ చేతుల్లో" అంది. మళ్లీ చాట తీసుకుంది. పుస్తకాల సంగతి తెలియని మనిషి అని రాశాను జూలైలో. కొట్టేయను, ఉండనీ.

డిసెంబరు 15

ఆదివారం. కొట్టు మూసే ఉంది. పుస్తకాల అరలో రెండో సగం ఒక్కటే ముందు అట్ట లేకుండా నిలబడి ఉంది. వీపు దగ్గర దారాలు వేలాడుతున్నాయి.

అప్పుడే ప్రీతి ఫోన్.

"మామా, పనిలో ఉండావా? ఒకటి అడగల్ల నిన్ను."

"అడుగు పాపా."

"అమ్మకు మొదటి సగం నేనే గదా చదివిపెట్టింది. అప్పట్నుంచి ఆ మునిస్వామి బావిలోనే ఉండాడు మామా నాకు. క్లాసులో కూడా అదే. నువ్వు ఆసుపత్రిలో చదివేటప్పుడు నేను మందులకు పోయింటిని. ఆయన..."

చెప్పడానికి నోరు తెరిచాను. ఈసారి ఆలస్యం చేయకూడదని.

"వద్దొద్దు, చెప్పొద్దు! చెప్తే నెక్స్ట్ పుస్తకం నేనే సెలెక్ట్ చేస్తా. రెండో సగం పంపు చాలు."

నియమాలు దానికి ఎవరు చెప్పారు. అడగక్కర్లేదు. "ఈ వారంలో పంపిస్తాలే" అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ మాట నాకే మళ్లీ వినబడింది. పంపిస్తాలే. జూన్ నుంచి ఎన్నిసార్లు అన్నానో.

ఆ సగం చేతికొచ్చాక ఇంకొన్నాళ్లు ఉంచుకోవాలనిపించింది. అది కూడా రాస్తున్నాను. నీరజ చెవిలో పడిన చివరి పుస్తకం ఇది, నా దగ్గరే ఉంటే ఏం అని.

కాగితం చుట్టాను. తాడు కట్టాను. పైన ప్రీతి పేరు రాశాను. రెడ్డెమ్మ చూసి నా చెప్పులు వాకిట్లోకి జరిపింది. మధ్యాహ్నం కుప్పం బస్సు ఉంది. దానికి వేస్తే పుంగనూరు, పలమనేరు దాటుకుని, దీపాలు పెట్టే వేళకు ప్రీతి చేతిలో ఉంటుంది.

జూన్‌లో కూడా ఇంతే దూరం.